మహాతల్లి అంటేనే చేపేది

మా అత్తగారు నన్ను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. "అమ్మాయ్" అని కూడా అనేది కాదు. "ఇదిగో" అనేది. "ఇదిగో, ఎసరు మరుగుతోంది." "ఇదిగో, వానొచ్చేట్టుంది, బట్టలు తియ్." కాపరానికి వచ్చిన కొత్తలో నా వెనకాల ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేదాన్ని. తర్వాత అలవాటైపోయింది. ఎంత అలవాటంటే, చిలకలూరిపేట బజారులో గాజులమ్మే మనిషి ఇంకెవరినో "ఇదిగో" అని పిలిస్తే నేను చేతిలో సంచీ కింద పెట్టి నిలబడిపోయాను. మా ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

అది నా ఎదురుగా పిలిచే పిలుపు. చాటున నాకింకో పేరుండేది. అది తెల్లవారుజామున గొడ్ల పాకలోంచి వినపడేది.

మా గదికీ పాకకీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. అత్తయ్య గేదె పక్కన గొంతుక్కూర్చుని, తపేలా మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పాలు పితుకుతూ తనలో తను మాట్లాడుకునేది. "మా మహాతల్లికి ఇంకా తెల్లారలా." "మహాతల్లి నాలుగు మెతుకులు తింటేగా పాలు పడేది." "మహాతల్లిని ఒక్క మాటన్నామా, ఇంక మొహం మాడ్చుకుని అటు తిరుక్కుంటది." అప్పుడు నేను నిండు చూలాలిని. పొద్దున్నే లేవలేకపోయేదాన్ని. ఏం తిన్నా గుండెల్లో మంట. మొహం మాడ్చుకునే సంగతికొస్తే, అదీ నిజమే.

మా వైపు ఆ మాట రెండు రకాలుగా వాడతారు. నలుగురికీ అన్నం పెట్టే మనిషినీ మహాతల్లి అంటారు, మంచం దిగని కోడలినీ మహాతల్లే అంటారు. ఏది ఏదో గొంతును బట్టి పోల్చుకోవాలి. గోడ అవతల గొంతు మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండేది. మెల్లగా, బిడ్డని జోకొట్టినట్టు. జోకొడుతూ తిట్టే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మా ఆయన పేటలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా నేను వాళ్ళమ్మని అనుకరించి చూపించేదాన్ని. చేతిలో తపేలా ఉన్నట్టే కూర్చుని, నడుం కొంచెం వంచి, "మా మహాతల్లికి ఇంకా తెల్లారలా" అనేదాన్ని. అతను పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నువ్వు బళ్ళో ఎక్కాలు చెప్పేకంటే నాటకాల్లో చేరితే పోయేది" అనేవాడు. నవ్వడం అయ్యాక మాత్రం, "అమ్మ నిన్ను కాదే, గేదెని అంటోంది" అనేవాడు.

"గేదెకి తెల్లారకపోవడమేంటండీ? అది లేచి ఎప్పట్నుంచో నెమరేస్తుంటే!"

"ఏమో, దాని సంగతి అమ్మకే తెలియాలి."

కొడుకులు ఇలాగే తప్పించుకుంటారు.

ఇక ఆ గేదె సంగతి. అది మొదటిసారి ఈనింది నా పురిటికి కొద్దికాలం ముందు, వానల్లో. దూడ వారం తిరక్కుండా చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు. చేపడమంటే పొదుగులో ఉన్న పాలు చన్నుల్లోకి దిగడం. దూడ వచ్చి మూతితో కుమ్మితేనే తల్లికి ఆ కదలిక పుడుతుంది, లేకపోతే లోపల ఎన్ని పాలున్నా ఎగబట్టుకుని నిలబడుతుంది. మా ఊళ్ళో దీనికొక ఉపాయం ఉండేది. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి, తల్లి ముందు నిలబెట్టేవాళ్ళు. తల్లి దాన్ని నాకుతుంటే ఇవతల పాలు పిండుకునేవాళ్ళు. మామయ్య తోలు ఎండబెట్టబోతే అత్తయ్య అడ్డం వచ్చింది.

"చచ్చిన బిడ్డని తల్లి ముందర నిలబెట్టి పాలు పిండుకునేదేంది? నేను చెయ్యను. ప్రభువు చూస్తా ఉంటాడు."

ఆ తర్వాత తనే రోజూ పొద్దునా సాయంత్రం దాని పక్కన కూర్చుంది. పొదుగు నిమిరింది, మాట్లాడింది. మొదట్లో ఏమీ రాలేదు. తపేలా అడుగు తడిసేది, అంతే. మాట్లాడుతూనే ఉంది. కొన్నాళ్ళకి గేదె చేపింది. ఆమెకి మాత్రమే చేపింది. ఇంకెవరైనా దగ్గరకు వెళ్తే తల అటు తిప్పుకునేది.

మాఘమాసంలో, మిరప కోతలు జోరుగా సాగుతున్నప్పుడు, అత్తయ్య కళ్ళంలో ఎండబోసిన కాయల మధ్య కూలబడిపోయింది. ట్రాక్టరు తొట్టిలో పేటకి, అక్కణ్ణుంచి గుంటూరుకి తీసుకెళ్ళారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆయనతో, మనసుకి కష్టం కలగనివ్వద్దని, ఇంకోసారి వస్తే తట్టుకోలేదని చెప్పాడు. ఆ మాట మా ఆయన నాకు చెప్పాడు, మిల్లుకి వెళ్ళిపోయాడు. ఇక మనసుకి కష్టం కలగకుండా చూడాల్సింది నేను.

ఆమెని లోపలి గదిలో పడుకోబెట్టాం. ఊరుకోలేదు. ఎడం చేత్తో మంచప్పట్టెని కొట్టింది. నీళ్ళా అంటే కాదు, దుప్పటా అంటే కాదు. చివరికి మంచాన్ని వసారాలోకి లాగి, గొడ్ల పాక కనపడేట్టు తిప్పితే చెయ్యి ఆగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేదెని చూస్తూ పడుకునేది. గేదె ఆమెని చూస్తూ నిలబడేది. ఆ చూపుల్లో ఏముందో, అసలేమైనా ఉందో లేదో నాకు తెలియదు.

మొదటిరోజు పాలు పితకడానికి నేనే వెళ్ళాను. ఆ ముందురోజంతా మిరపకాయల తొడిమలు తీశాను. సబ్బు పెట్టి కడుక్కున్నాను గానీ మిరప ఘాటు సబ్బుకి పోతుందా? అత్తయ్య అయితే కోతల రోజుల్లో చేతులకి ఆముదం రాసి, మజ్జిగతో కడిగి, చెంపకి ఆనించి చూసుకుని మరీ గేదె దగ్గర కూర్చునేది. నాకది గుర్తే రాలేదు. చన్ను పట్టుకున్నానో లేదో గేదె ఎగిరి తన్నింది. తపేలా వెళ్ళి గోడకు కొట్టుకుంది, నేను పేడలో పడ్డాను. దానికి చేపడం నేర్పడానికి అత్తయ్యకి ఎన్నాళ్ళో పట్టింది, నేను ఒక్క పట్టుతో దానికి కొత్త పాఠం నేర్పేశాను. అప్పట్నుంచి నా నీడ పాక గుమ్మంలో పడితే చాలు, కాళ్ళు బిగించి నిలబడేది.

పక్కింటి పిన్ని వచ్చి చూసింది. ఆమెకీ గ్లాసెడు కూడా రాలేదు.

"మీ అత్త చీర కట్టుకుని కూర్చో తల్లీ. గొడ్డుకి మొహం తెలవదు, చీరే తెలుసుద్ది" అంది.

మా వైపు అందరూ చేసే పనే అది. పాలు పితికే ఆమె ఊరెళ్ళినా, పురిటికి వెళ్ళినా, ఆమె చీర ఇంకొకరు చుట్టుకుని కూర్చుంటారు. మగాళ్ళు కూడా చుట్టుకోవడం చూశాను. నేను అత్తయ్య ఆకుపచ్చ నేత చీర, ఉతకనిది, కట్టుకుని ముసుగేసుకుని వెళ్ళాను. గేదె ఒకసారి వాసన చూసింది. ఆశ పుట్టింది. తర్వాత తోకతో నా మొహం మీద ఒక్కటి కొట్టింది.

పొగాకు వాసన లేదేమో అనుకున్నాను. అత్తయ్య పొగాకు కాడ బుగ్గన పెట్టుకునేది. నేనూ పెట్టుకున్నాను. గేదె చేపలేదు గానీ నాకు మాత్రం కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చింది. పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పెట్టాను, తెలగపిండి పెట్టాను. శుభ్రంగా తినేసి, మూతి నాక్కుని, పాలు ఎగబట్టుకుని నిలబడింది.

టీచర్ ట్రైనింగ్‌లో మాకు ఒక పాఠం ఉండేది. రష్యా డాక్టరొకాయన కుక్కకి మాంసం పెట్టే ముందు గంట కొట్టేవాడు. కొన్నాళ్ళకి మాంసం లేకపోయినా గంట వినపడితే చాలు, కుక్కకి నోరూరేది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే బొమ్మ వేసి మరీ రాశాను. కుక్క తోక కూడా బాగా కుదిరింది. ఇప్పుడు పాకలో పేడలో కూర్చుని ఆలోచిస్తే, ఈ గేదెకి గంట ఏదో నాకు తెలియడం లేదు. చీర కాదు, వాసన కాదు, దాణా కాదు. పుస్తకంలో గంట ఎప్పుడూ గంటలాగే ఉంటుంది, అదొక సుఖం.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆకు కింద తెల్లగా అలాగే ఉండేది. మామయ్య అసలే మాట తక్కువ మనిషి, ఆ రోజుల్లో ఇంకా తగ్గించాడు. ఒక సాయంత్రం ఖాళీ తపేలా చూసి, వసారాలో మంచం పక్కనే నిలబడి నోరు తెరిచాడు.

"అమ్మాయ్, ఇది వట్టిపోయినట్టే. పాలియ్యని గొడ్డుకి మేత యాణ్ణించి తెచ్చేది? శనివారం బేరగాణ్ణి రమ్మన్నా."

మంచం మీద ఉన్న మనిషికి మాట పోయింది గానీ చెవులు పోలేదన్న సంగతి ఆయనకి తట్టలేదు. అత్తయ్య ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి చెవిలోకి పోయాయి. ఆ రాత్రి గంజి తాగలేదు. మర్నాడూ తాగలేదు. చెంచా పెదాల దగ్గరికి తెస్తే పళ్ళు బిగించేది. అచ్చం పాకలో ఉన్నదానిలాగే. ఒకటి పాలివ్వదు, ఒకటి గంజి తాగదు, ఇద్దరి మధ్య చంటిపిల్లని చంకనేసుకుని నేను. గేదె పోతే ఈమె కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది. నన్ను ఏనాడూ పేరుపెట్టి పిలవని మనిషి పోతుందంటే నాకెందుకు అంత భయం వేసిందో అప్పుడు తెలియలేదు.

శుక్రవారం పొద్దున కోపం ఆగలేదు. రాత్రంతా బిడ్డ పడుకోనివ్వలేదు. తపేలా తీసుకుని గేదె పక్కన కూలబడి, పొదుగు మీద చెయ్యి వేసి, నోటికొచ్చింది అనేశాను. అరిస్తే తంతుందని మెల్లగానే అన్నాను. మెల్లగా అనేసరికి మా ఆయనకి ఆడి చూపించిన అలవాటేమో, నా గొంతు కాకుండా ఆమె గొంతు వచ్చింది.

"మా మహాతల్లికి ఇంకా తెల్లారలా. మహాతల్లికి పెట్టింది చాలలా. మహాతల్లికి మా మీద కోపం."

తోక ఆగింది. రెండు చెవులూ వెనక్కి తిరిగాయి. నా చేతికింద పొదుగు మెత్తబడి, చన్నులు ఉబ్బాయి. లాగితే తపేలా అడుగున జర్రున శబ్దం వచ్చింది. ఆ శబ్దం విని ఎన్నాళ్ళయిందో! నేను ఆపకుండా అంటూనే ఉన్నాను. మహాతల్లి పప్పు మాడ్చింది, మహాతల్లి గడప మీద కూర్చుంది, మహాతల్లికి బళ్ళో పిల్లలమీద ఉన్న ప్రేమ ఇంట్లో గిన్నెల మీద లేదు. గోడ అవతల పడుకుని ఏడ్చుకుంటూ విన్నవన్నీ ఇప్పుడు గోడ ఇవతల కూర్చుని నా నోటితో నేనే అంటున్నాను. నురగ పైకొచ్చింది.

లేచి వెనక్కి తిరిగితే అత్తయ్య నన్నే చూస్తోంది. ఆమె గొంతుని వెక్కిరించాను, ఆమె ఎదురుగా, ఆమెకి గొంతు లేనప్పుడు. ఆమె మొహంలో ఎడమ సగం కదులుతోంది, కుడి సగం ఊరుకుంది. సగం మొహంతో నవ్వితే ఎలా ఉంటుందో, ఏడిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. పాలు కాచి, చల్లార్చి, చెంచాతో పెదాల దగ్గర పెట్టాను. పళ్ళు విడిచింది. గ్లాసు మొత్తం తాగింది.

శనివారం బేరగాడు తెల్లవారుజామునే దిగాడు. పాలు చూసి బేరం చెయ్యాలని అతని పద్ధతి. గేదె చేపుతోందని విని అతను హుషారయ్యాడు, అతన్ని చూసి మామయ్యా హుషారయ్యాడు. వట్టిపోయిన గొడ్డు కంటే పాలిచ్చే గొడ్డుకి ధర పలుకుతుంది కదా. గేదె పోకుండా ఉండాలని నేను చేసిన పని, దాన్ని ఇంకా బాగా అమ్ముకోవడానికి పనికొచ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉందని తిట్టుకున్నాను.

పరాయి మగాడి ఎదుట నన్ను నేను తిట్టుకోవడానికి సిగ్గేసి ముందు నోరు మూసుకునే కూర్చున్నాను. చుక్క రాలేదు. "ఏందమ్మా, నిన్న ఇచ్చిందన్నారే?" అన్నాడు. మంచం వైపు చూశాను. అత్తయ్య ఎడం చెయ్యి మంచప్పట్టె మీద బిగుసుకుని ఉంది. అతనికి చన్ను వదిలి, "మీరే పితికి చూడండి" అన్నాను. అతను కూర్చున్నాడు, నిమిరాడు, "హా హా" అన్నాడు. తన్ను తప్పించుకుని లేచాడు. అప్పుడు నేను కూర్చుని మొదలుపెట్టాను. "మా మహాతల్లికి మనుషులొస్తే సిగ్గు..." తపేలా నిండింది.

బేరగాడు నన్ను చూశాడు, గేదెని చూశాడు, మామయ్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, నీ కోడలికి ఏవన్నా గాలి సోకిందా?"

"అదేం లేదు. అట్టా అంటేనే చేపుద్ది."

"అట్టా అంటేనా? అయితే కొన్నోడు గేదెతో పాటు నీ కోడల్ని కూడా తోలకపోవాలా? నా వల్ల కాదు. రేపు పాలియ్యలేదని వాడొచ్చి నా చొక్కా పట్టుకుంటాడు."

కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మామయ్య తనే గడ్డి తీసుకొచ్చి గేదె ముందు వేశాడు. మళ్ళీ అమ్మకం మాట ఎత్తలేదు.

గేదె నిలిచింది, పాలు నిలిచాయి, నా తల మాత్రం తిరగడం మొదలైంది. దానికి గంట దొరికింది సరే, ఆ గంట ఎవరి కోసం మోగినట్టు? అత్తయ్య నన్ను తిడుతూ పాలు పితికింది కాబట్టి గేదె ఆ తిట్టుకి అలవాటుపడిందా? లేక మహాతల్లి అన్నది గేదెకి పెట్టుకున్న పేరేనా, గోడ అవతల పడుకుని నేనే దాన్ని నెత్తినేసుకున్నానా? "నాలుగు మెతుకులు తింటేగా పాలు పడేది." మెతుకులు తినేది నేను. కానీ తవుట్లో అన్నం కలిపి గేదెకి కూడా పెట్టేది ఆమె. పాలు పడాల్సింది దానికి. పుట్టబోయే బిడ్డకోసం నాకు కూడా. ఎటు తిప్పినా మాట ఇద్దరికీ సరిపోతుంది. గంట ఎందుకు కొడుతున్నారో కుక్కకేం తెలుసు, దానికి నోరూరితే చాలు. నేను కుక్కని కాను కాబట్టి నిద్రపట్టలేదు.

పిన్నిని అడిగాను.

"నిన్నే అనుకున్నా తల్లీ నేను" అంది. తర్వాత, "ఏమోలే, నువ్వు రాకముందున్న గేదెని కూడా అట్టనే పిలిచేది" అంది. పది అడుగులు వేసి వెనక్కొచ్చి, "కాదు కాదు, దాన్ని రాకాసి అనేది" అంది. ఆమెని అడిగినందుకు నన్ను నేను కొట్టుకోవాలి.

బళ్ళో పాఠాలు చెప్పేదాన్ని కదా, ఊరుకోలేక నేనూ పరీక్షలు పెట్టాను. ఒకరోజు అత్తయ్య గొంతుతోనే రెండో ఎక్కం చదివాను. చెవులు తిరిగాయి, పాలు దిగలేదు. ఇంకోరోజు నా మామూలు గొంతుతో మహాతల్లీ అన్నాను. కాస్త దిగాయి. రెండూ కలిస్తేనే మొత్తం దిగేవి. తిట్టాల్సిన అవసరం లేదని కూడా తేలింది. ఆ మాట మధ్యమధ్యలో పడుతుంటే చాలు, తిట్టినా పొగిడినా దానికి ఒకటే. దాంతో తిట్లు అయిపోయాక ఊరి కబుర్లు చెప్పడం మొదలుపెట్టాను. "మహాతల్లీ, మిరప రెండో కోత అయింది." "మహాతల్లీ, పాస్టరుగారి కూతురికి సంబంధం కుదిరింది." మంచం మీద నుంచి అత్తయ్య వినేది. చెప్పేది గేదెకా, ఆమెకా అంటే నేను చెప్పలేను. ఒకసారి "మా మహాతల్లి మందు మింగకుండా పరుపు కింద దాస్తోంది" అన్నాను. ఆ సాయంత్రం మందు మింగింది.

నేను పాలు పితుకుతున్నంతసేపూ మా పిల్ల అత్తయ్య మంచం పక్కన ఉయ్యాల్లో ఉండేది. సరిగ్గా ఆ కబుర్లకే దానికి మెలకువ వచ్చేది. తపేలా దింపి, చేతులు కడుక్కుని, అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుని పిల్లకి పాలిచ్చేదాన్ని. రోజూ అదే వరస. గేదె, తర్వాత నేను. అత్తయ్య ఎడం చేత్తో పిల్ల పాదం పట్టుకుని ఉండేది. మా ఇద్దరి మధ్య అంత దగ్గరితనం ఆమె మాట ఉన్నప్పుడు ఒక్కనాడూ లేదు. సంతోషించాలో బాధపడాలో తెలిసేది కాదు.

ఎండలు ముదిరాయి. బడికి సెలవులిచ్చారు. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. పిల్ల నిద్రపోతోంది. వడగాలికి తాటాకులు తప్ప ఏదీ కదలడం లేదు. అత్తయ్య గొంతులో ఏదో చప్పుడైంది. కఫం అనుకుని తలెత్తాను. నాలుక బరువుగా తిప్పుతోంది, మెడ నరాలు లేచాయి.

"మ... మహా... తల్లి."

మాట ముద్దగా ఉంది. కానీ మాటే.

పాకలో గేదె నెమరు ఆపింది. రెండు చెవులూ ఇటు తిరిగాయి. అది పాలు తీసే పొద్దు కాదు, దగ్గర ఎవరూ లేరు. అయినా చన్నుల్లోంచి పాలు బొట్లు బొట్లుగా దుమ్ములో పడ్డాయి. ఉయ్యాల్లో మా పిల్ల కళ్ళు తెరవకుండానే పెదాలు చప్పరించింది. నాకు రొమ్ములు జివ్వుమన్నాయి. పిల్ల ఏడవలేదు, అడగలేదు. చూసుకుంటే జాకెట్టు తడిసి, పైట తడిసి, ఒళ్ళోని బియ్యం మీద చుక్కలు పడుతున్నాయి.

ఎన్ని నెలలు ఆ మాటకి గోడ అవతల పళ్ళు కొరుక్కున్నాను! మనసుకి ఇంకా ఆ కోపం గుర్తుంది. ఒంటికి గుర్తులేదు. ఒళ్ళు ఎప్పుడు మారిందో నాకు చెప్పలేదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"ఎవర్ని అత్తయ్యా?" అన్నాను. "నన్నా, దాన్నా?"

ఆమె ఎడం చెయ్యి లేపింది. ఆ చెయ్యి నాకూ పాకకీ నీళ్ళ కుండకీ నడుమ గాలిలో నిలబడింది.

ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళూ నోట ఆ ఒక్క మాటే మిగిలింది. నీళ్ళకి అదే మాట, నొప్పికి అదే, పిల్లని ఇటివ్వమనడానికి అదే, మామయ్యకి కూడా అదే. నాకు మాత్రం "ఇదిగో" అన్న మాట మళ్ళీ వినపడలేదు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి దగ్గర జవాబుకి ఇంకో మాట లేకపోయింది.

ఆ మధ్యాహ్నం మాత్రం నేను లేచాను. ఒక చేత్తో నీళ్ళ చెంబు తీసుకున్నాను, ఒక చేత్తో పాల తపేలా తీసుకున్నాను. ఆమె మళ్ళీ అదే అంది. మాట వచ్చినందుకు మొహంలో ఎడమ సగం వెలిగిపోతోంది. గేదె చెవులు నిక్కించి చూస్తోంది, పిల్ల చప్పరిస్తోంది, తడిసిన పైటతో నేను వసారా మధ్యలో నిలబడిపోయాను, ముందు ఎటు వెళ్ళాలో తెలియక.